ఎలుకల పిన్ని హస్తవాసి

ఆమెకు సంస్థ ఇచ్చిన హోదా సీనియర్ శాస్త్రవేత్త. బంధువులు ఇచ్చిన హోదా ఎలుకల పిన్ని. మొదటిది సంపాదించడానికి సగం జీవితం పట్టింది. రెండోదాన్ని అక్క కూతురు పలక పట్టే వయసులో ఒక్క మాటలో ఇచ్చేసింది. లోకంలో ఏది నిలుస్తుందో చెప్పడం కష్టం కనుక, నిలిచింది రెండోదే. పెళ్ళాంతో పాటు ఆ బిరుదు కూడా పంచుకోవలసి వచ్చిన ఆమె భర్తను పిల్లలు ఎలుకల బాబాయి అన్నారు. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఎలుకను దగ్గరగా చూసిన పాపాన పోలేదు.

పిన్ని హార్మోన్ల మీద, కొవ్వు ఆమ్లాల మీద పరిశోధన చేస్తుందని తెలిసిన నాటి నుంచి చుట్టాలు ఆవిడను చూడగానే పొట్ట లోపలికి లాక్కునేవారు. కాస్త చనువున్నవాళ్ళు పొట్ట చూపించి మందు చెప్పమనేవారు. తాను డాక్టరు కాదనీ, ఎలుకలతో పనిచేస్తాననీ అంటే, ఆ ఎలుకలకు వేసేదేదో తమకూ కాస్త చెప్పమనేవారు. తోడికోడలయితే తన మొగుడికి ఒంట్లో ఉన్న కొవ్వు సంగతి అలా ఉంచి, మాటల్లో ఉన్న కొవ్వుకు ఏమైనా ఉందా అని అడిగింది. పిన్ని గంభీరంగా ఆలోచించి, ఆ దిశగా పరిశోధన ఇంకా మొదలుకాలేదని చెప్పింది.

ఆవిడ పరిశోధన మొదలైన దిశ వేరు. ఒంట్లో కొవ్వు ఒక గోదాము అనుకుంటే, మూత్రపిండాల నెత్తిన కూర్చున్న చిన్న గ్రంథి అధికారి. ప్రాణి బెదిరినప్పుడు ఆ గ్రంథి ఒక హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది తాఖీదు. తాఖీదు అందగానే గోదాము తలుపులు తెరుచుకుని కొవ్వు ఆమ్లాలు బస్తాల్లా బయటికి వస్తాయి, పరుగెత్తడానికి బలమిస్తాయి. పుస్తకాలన్నిటిలోనూ ఇంతే. హార్మోను చెబుతుంది, కొవ్వు వింటుంది. పిన్ని వయసులో ఉండగా కనిపెట్టింది ఏమిటంటే, కొవ్వు ఎదురు చెబుతుందని. ఒకానొక గింజల నూనెలో ఉండే కొవ్వు ఆమ్లం రక్తంలో తగినంత చేరితే, అది తిరిగి గ్రంథి దగ్గరికే వెళ్ళి ‘ఇక చాలు’ అంటుంది. తాఖీదులు ఆగిపోతాయి. ఆ ఆమ్లం కలిపిన మేత తిన్న ఎలుకను కాసేపు చల్లటి గదిలో ఉంచి బెదరగొడితే హార్మోను లేచినట్టే లేచి దిగిపోతుంది. మామూలు మేత తిన్నదానిలో అది దిగడానికి చాలాసేపు పడుతుంది.

బంట్రోతు అధికారికి ఎదురు చెప్పాడంటే ఏ కచేరీలోనయినా కలకలం రేగుతుంది. రేగింది. సభలకు పిలిచారు, చప్పట్లు కొట్టారు. తర్వాత వేరే ఊళ్ళో ఒక పెద్ద ప్రయోగశాలవారు అదే ప్రయోగం చేసి, తమకు ఆ ఫలితం రాలేదని అచ్చువేశారు. ఇంకొకరు చేశారు. వాళ్ళకూ రాలేదు. ఆ పైన పిలుపులూ రాలేదు.

పిన్ని అబద్ధమాడిందని ఎవరూ అనలేదు. చదువుకున్నవాళ్ళు ఆ మాట అనరు. నీళ్ళ తేడా అయి ఉంటుందన్నారు. ఇరవై ఏళ్ళుగా, ఏ సభలో ఎదురుపడినా, మర్యాదగా నవ్వి నీళ్ళ తేడా దగ్గర ఆపేవారు. పోనీ పిన్ని తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమా అంటే కాదు. ప్రతిసారీ కాళ్ళు మళ్ళీ లెక్కపెట్టేది. ప్రతిసారీ మూడే వచ్చేవి. వెలుతురు మార్చి చూసింది, గది వేడి మార్చి చూసింది, పంజరంలో పరిచే రంపపు పొట్టు మార్చి చూసింది. ఫలితం మాత్రం మారలేదు. ఫలితం రానివాళ్ళకు తన మేత డబ్బాలు పంపింది. చివరకు తన ఎలుకలనే పంపింది. అక్కడికి వెళ్ళాక అవి కూడా అక్కడివాళ్ళ మాటే చెప్పాయి. ఆడలేక మద్దెల ఓడు అంటున్నారని సరిపెట్టుకుందామంటే, మద్దెల కూడా ఈవిడ పంపిందే.

ఇలా ఉండగా రిటైర్మెంటు దగ్గరపడింది. సంస్థ డైరెక్టరు ఏ విన్నపానికైనా “చూద్దాం” అనేవాడు కనుక అందరూ ఆయనను చాటున చూద్దాం గారు అనేవారు. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం చూడకుండానే తేల్చేశాడు. పిన్ని వెళ్ళగానే ఎలుకల గది తీసేసి అక్కడ కొత్త యంత్రం పెడతారట. అంతలోగా పిన్నికి కావలసింది ఒక్కటే. తన చేతిలో కాక, మరొకరి చేతిలో, ఒక్కసారి ఆ ఫలితం రావాలి. రాకపోతే ఇరవై ఏళ్ళ బతుకు నీళ్ళ తేడా కింద జమ అయిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. కోడలిని వంటింటి గడప దాటనివ్వని అత్తగారిలా పిన్ని తన ఎలుకల గదిలోకి ఎవరినీ రానిచ్చేది కాదు. విద్యార్థులు రక్తం నమూనాలు పట్టుకుని యంత్రాల దగ్గర ఎన్ని గంటలైనా కూర్చోవచ్చు. ఎలుకలను పట్టుకోవడం, తోక నుంచి ఆ రక్తపు బొట్టు తీయడం ఆవిడ పని. ఇతరులు చేస్తే నమ్మకం లేదని చెప్పేది. అసలు కారణం వేరే ఉంది. దాన్ని ఆవిడ తనకు తానే చెప్పుకోలేదు.

ఆ చిక్కును తడిబట్టతో తుడిచిన నేల విడదీసింది. వరండాలో కాలు జారి పడి పిన్ని కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకల డాక్టరు మోచేతి దాకా కట్టువేసి, బరువులు ఎత్తకూడదన్నాడు. ఎలుక బరువు కిందికి వస్తుందా అని పిన్ని అడిగింది. ఆయన దాన్ని జోకనుకుని నవ్వాడు.

కొత్త ఎలుకల జట్టు అప్పుడే వచ్చింది. ప్రయోగం ఆపడానికి లేదు. పిన్ని దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిని ఆఫీసువాళ్ళు వెటకారంగా చిన్న మేడం అంటారు. మాట తక్కువ, చెయ్యి చురుకు. గాజు గొట్టంలో ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వదు. పిన్ని మంచం మీద నుంచి ఫోనులో గది తాళం ఎక్కడుందో చెప్పింది. ఇంటి తాళాలు ఇస్తున్నప్పుడు కూడా ఎవరూ అన్ని జాగ్రత్తలు చెప్పరు.

చిన్న మేడం అన్నీ అక్షరాలా చేసింది. అదే గది, అదే మేత, అదే చల్లదనం. ఫలితం రాలేదు. ఆ మాట చెప్పడానికి ఇంటికే వచ్చి, కుర్చీ అంచున కూర్చుని చెప్పింది. రెండు రకాల మేత తిన్న ఎలుకలలోనూ హార్మోను ఒకేలా ఉందట.

“నా వల్లే ఏదో తప్పు జరిగుంటుంది మేడం,” అంది.

“లేదమ్మాయ్. నువ్వు తప్పు చేసే మనిషివి కావు. అదే నా బాధ,” అంది పిన్ని.

ఆ పిల్ల వెళ్ళాక పిన్ని లెక్క వేసుకుంది. ఇంతకాలం వేరే ఊరివాళ్ళకు రాలేదంటే వేరే ఊరిని అనుకోవచ్చు. ఇప్పుడు తన గదిలోనే రాలేదు. నీళ్ళు కూడా అవే. బాబాయి ప్రూఫు కాగితాల మీద నుంచి తలెత్తకుండా ఓదార్చాడు.

“కొందరి చేతికి హస్తవాసి ఉంటుందోయ్. నువ్వు టీ పెట్టినట్టు నేను పెట్టలేను కదా. పొడి అదే, పాలు అవే.”

“అది టీ అండీ. ఇది సైన్సు. ఇక్కడ హస్తవాసి అనే మాటకి ఒకటే అర్థం. నా చేతిలోనే వస్తోందంటే, నా చేతిలో ఏదో దొంగతనం ఉన్నట్టు.”

బాబాయి ఎర్ర కలం కిందపెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన దిద్దలేకపోయిన వాక్యం అదొక్కటే.

పిన్ని తనకు తెలియకుండా తాను చేసి ఉండగల మోసాలన్నీ రోజుల తరబడి తలుచుకుంది. కావలసిన అంకె వచ్చేదాకా కొలుస్తూ పోయిందా? నచ్చని ఎలుకను జబ్బుదని తీసేసిందా? నమూనాల గొట్టాల మీద రాసే గుర్తులు ముందే తెలిసిపోయి, కన్ను దానంతటదే అటు మొగ్గిందా? కానీ కొలిచింది విద్యార్థులు. ఏ గొట్టం ఏ ఎలుకదో వాళ్ళకు తెలియదు. దొంగ దొరకలేదు. దొరికితే కనీసం నిద్ర పట్టేది.

కట్టు ఇంకా విప్పకముందే పిన్ని గదికి వెళ్ళింది. రెండో విడత ప్రయోగాన్ని కళ్ళతో చూడాలని. ఎత్తు స్టూలు మీద, మెడలో వేలాడే చేతితో, పరీక్ష హాలులో ఇన్విజిలేటరులా కూర్చుంది. గోడ పొడవునా పంజరాల అరలు. పై అరలో తాను పడకముందు పెంచిన పాత ఎలుకలు, కింది అరలో చిన్న మేడం చూసుకుంటున్న కొత్తవి. చిన్న మేడం చేతి తొడుగులు వేసుకుని, చప్పుడు చేయకుండా, ఆపరేషను థియేటరులోకి వచ్చినట్టు వచ్చింది. కింది అరలో తెల్లటివన్నీ పంజరాల వెనక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి గడ్డకట్టిపోయాయి. పిన్నికి అందులో వింత కనపడలేదు. ఎలుకలన్నాక మూలకు పోవా.

ఇంతలో కట్టు లోపల దురద మొదలైంది. పిన్ని అలవాటు కొద్దీ సణగడం మొదలుపెట్టింది. ఈ డాక్టరు ముష్టి కట్టు ఒకటి, గోకుదామంటే వేలు దూరదు, ఇంట్లో ఈయన చూస్తే అల్లిక సూది పెట్టి గోకబోయాడు, రేపు ఆ సూది లోపలే ఉండిపోతే...

పై అరలో గలగలమంది. పాత ఎలుకలు పంజరాల ముందుకు వచ్చేశాయి. కడ్డీల మధ్య నుంచి మూతులు బయటపెట్టి, మీసాలు ఆడిస్తూ ఆవిడ వైపు చూస్తున్నాయి. రోజూ వినే వార్తలు చాలాకాలంగా ఆగిపోయి, ఇవాళ మళ్ళీ మొదలైనట్టు.

పిన్ని సణుగుడు మధ్యలో ఆపేసింది. పైకి చూసింది. కిందికి చూసింది.

ఇప్పుడు ఆ అసలు కారణం చెప్పక తప్పదు. పిన్ని రోజూ పొద్దున్నే గది తలుపు లోపల గడియ పెట్టుకుని, ఒక్కొక్క ఎలుకను చేతిలోకి తీసుకుని, మెడ వెనక నిమురుతూ, ఇంటి సంగతులు చెప్పుకునేది. తోడికోడలి మాటలు, చూద్దాం గారి చూపులు, బాబాయి గురక, ఏదైనా సరే. ఎలుక ఒళ్ళు సడలి అరచేతిలో కునుకు తీసేదాకా చెప్పేది. చదువుకునే రోజుల్లో ఒకసారి ఇలా మాట్లాడుతుండగా ఆవిడ గురువు చూసి, ఇది ప్రయోగశాలా పెరడా అని అడిగాడు. ఆ సిగ్గుతో అప్పటి నుంచి గడియ. ఇరవై ఏళ్ళుగా వెలుతురును, వేడిని, పొట్టును అనుమానించింది కానీ, గదిలో అన్నిటికంటే ఎక్కువ చప్పుడు చేసే వస్తువును అనుమానించలేదు.

వ్యాసంలో ఏం రాసింది? అందరూ రాసేదే రాసింది. ‘ఎలుకలను ముందుగా మనిషి చేతికి అలవాటు చేయడమైనది.’ ఉత్తరాలలో ‘ఇక్కడ అందరం క్షేమం’ లాంటి వాక్యం అది. ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది, ఎవరూ చదవరు. పిన్ని దగ్గర దానికి మూడు వారాల కబుర్లని అర్థం. ఇతరుల దగ్గర, రెండు మూడు రోజులు వచ్చిపోయే పనివాడెవడో పంజరం మూత తెరిచి మూశాడని అర్థం.

“అమ్మాయ్, చల్లటి గదికి తీసుకెళ్ళకముందే వీటి రక్తం తియ్యి. పైవాటిదీ, కిందివాటిదీ,” అంది పిన్ని.

అలాగే తీశారు. పై అర ఎలుకలలో హార్మోను అడుగునే ఉంది. కింది అర ఎలుకలలో ప్రయోగం మొదలుకాకముందే అది ఆకాశాన్ని అంటి ఉంది. చెయ్యి దగ్గరికి రావడమే వాటికి ప్రళయం. ఆ హోరులో కొవ్వు ఆమ్లం పాపం గ్రంథి చెవిలో ‘ఇక చాలు’ అని గుసగుసలాడితే ఎవరికి వినిపిస్తుంది?

దొంగతనం కాదని తేలింది. అది తన చేతిలోనే ఇంకోసారి తేలితే లాభం లేదు. పిన్ని చిన్న మేడంకు ఎలుకలతో మాట్లాడమని ఆజ్ఞాపించింది.

“ఏం మాట్లాడాలి మేడం?”

“ఏదో ఒకటి. అబద్ధాలు మాత్రం చెప్పకు, గొంతు బిగుసుకుంటుంది. అవి కనిపెట్టేస్తాయి.”

మొదటి రోజుల్లో ఆ పిల్ల ఎలుకలకు పాఠ్యపుస్తకం అప్పజెప్పింది. కొవ్వు ఆమ్లాల నిర్మాణం విని ఎలుకలు మూల వదల్లేదు. వాటిని తప్పుపట్టలేం, మనుషుల్లో విద్యార్థులు కూడా వెనక బెంచీ వదలరు. తర్వాత నెమ్మదిగా హాస్టలు గది ఇరుకు గురించి, వదిన ఫోన్ల గురించి మొదలుపెట్టింది. ఒకరోజు పిన్ని తలుపు తియ్యబోతూ లోపలి గొంతు విని ఆగిపోయింది.

“ఈ మేడంతో వేగలేక చస్తున్నానే. ఆవిడకి ఒక ఫలితం పిచ్చి. నా థీసిస్ ఏమైపోయినా పర్లేదు. పొద్దున లేస్తే కింది అర, పై అర. పెళ్ళి సంబంధం వాళ్ళొచ్చి ఏం చేస్తావమ్మా అంటే, ఎలుకలకి కబుర్లు చెప్తానని చెప్పమంటావా?”

మరొకరయితే తలుపు తోసుకుని వెళ్ళేవారు. పిన్ని తలుపు సందులోంచి చూసింది. చిన్న మేడం చేతిలో ఎలుక ఒళ్ళు వదిలేసి, కళ్ళు సగం మూసి ఉంది. పిన్ని అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది. తనను తిట్టిపోయడం ప్రయోగంలో భాగమయినప్పుడు దానికి అంతరాయం కలిగించడం శాస్త్రధర్మం కాదు. ఇంటికి వచ్చి మాత్రం బాబాయితో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన చేసిన తప్పల్లా ఆ సమయానికి ఇంట్లో ఉండడమే.

ఫలితం వచ్చింది. చిన్న మేడం చేతిలో, పిన్ని గదిలో అడుగుపెట్టకుండా వచ్చింది. ఆ అంకెలు చూసి పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుందని రాస్తే బాగుండును. ఆవిడ వాటిని మళ్ళీ లెక్కపెట్టించింది.

వ్యాసం రాసేటప్పుడు ఈసారి సిగ్గు పక్కనపెట్టింది. ఎలుకను ఎలా పట్టుకోవాలి, ఎంతసేపు నిమరాలి, ఏ గుర్తులు కనిపిస్తే అలవాటయినట్టు, అన్నీ రెండు పేజీలు రాసింది. రాసింది ఇంగ్లీషులోనే అయినా, మనసు మాత్రం తెలుగులోనే పెట్టింది. పత్రికవారి నుంచి జవాబు వచ్చింది. ఫలితం ఆసక్తికరంగా ఉందట, వేసుకుంటారట. పరీక్షించిన నిపుణులలో ఒకరు ఎలుకలతో మాట్లాడిన విషయాల జాబితా, గొంతు ఎంత హెచ్చులో ఉందో కొలతా అడిగారు. రెండోవారు, ఆ రెండు పేజీలూ అనవసరమనీ, రివాజు ప్రకారం ‘ఎలుకలను ముందుగా మనిషి చేతికి అలవాటు చేయడమైనది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలుననీ సెలవిచ్చారు.

పిన్ని ఆ కాగితం పట్టుకుని చూద్దాం గారి గదికి వెళ్ళింది. ఆయన చదివి సంతోషించాడు.

“ఒక్క వాక్యమేగా మేడం. రాసెయ్యండి. మీరు రిటైరయ్యేలోపు అచ్చులో వస్తుంది, సంస్థకీ పేరు.”

“ఆ వాక్యం వల్లే కదండీ ఇరవై ఏళ్ళు పోయాయి.”

“చూద్దాం,” అన్నాడాయన, కాగితం తిరిగి ఇచ్చేస్తూ.

చివరకు పిన్ని రాజీపడింది. రెండు పేజీలూ తీసేసి, రివాజు వాక్యానికి బదులు తన వాక్యం పెట్టింది: ‘ఎలుకలను మూడు వారాలపాటు రోజూ ఒకే మనిషి చేతిలోకి తీసుకుని, అవి కునుకు తీసేదాకా వాటితో మాట్లాడడమైనది.’ అచ్చుకు ముందు ప్రూఫు వచ్చింది. ఎవరో శ్రద్ధగా ఆ వాక్యం తీసేసి రివాజు వాక్యం పెట్టారు. బాబాయికి జీవితంలో మొదటిసారి భార్య పరిశోధనలో చోటు దొరికింది. కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర కలంతో పిన్ని వాక్యాన్ని మళ్ళీ నిలబెట్టి, అంచున ‘మార్చవద్దు’ అని రాసి కింద గీత కూడా గీశాడు.

వ్యాసం వెలువడింది. రివాజు వాక్యంతోనే వెలువడింది. పిన్ని రాసిన ఫిర్యాదుకు, తమ శైలి నియమాలు అందరికీ ఒకటేనని మర్యాదగా జవాబొచ్చింది.

పిన్ని రిటైరయింది. చూద్దాం గారు శాలువా కప్పి, ఆవిడ లేని లోటు ఎలా తీరుతుందో చూద్దామన్నాడు. ఎలుకల గదిలోకి యంత్రం వచ్చింది. థీసిస్ ముగించుకున్న చిన్న మేడం వేరే సంస్థలో చేరి, అక్కడ ఎలుకలు లేవని, కబుర్లు చెప్పుకోవడానికి వదిన ఒక్కతే మిగిలిందని ఫోనులో చెప్పింది.

కొన్నాళ్ళకు ఒక కుర్ర శాస్త్రవేత్త దగ్గర నుంచి మెయిలు వచ్చింది. తమ ప్రయోగశాలలో ఆవిడ కొత్త వ్యాసంలో చెప్పిన ప్రయోగం చేశారట. ఎంతో గౌరవంతో విన్నవించుకుంటున్నాడట. ఫలితం రాలేదట. బహుశా నీళ్ళ తేడా కావచ్చునట.

పిన్ని ఆ మెయిలును బాబాయికి చదివి వినిపించలేదు. నేరుగా అతనికి ఫోను చేసింది. మీ ఎలుకలను ఎవరు పట్టుకుంటారని అడిగింది. మనుషులు మారుతుంటారండీ, డ్యూటీలు వేస్తామన్నాడు. అలవాటు చేశారా అంటే, రాసినట్టే చేశామన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. రాసినట్టే చేశాడు.

“బాబూ, నేనొకసారి మీ ఎలుకల గదికి వస్తాను. మూడు వారాలు. నాకేం ఇవ్వక్కర్లేదు. కూర్చోడానికి ఒక స్టూలు చాలు,” అంది పిన్ని.

అవతల ఇబ్బందిగా నవ్వాడు. “బయటివాళ్ళని గదిలోకి రానివ్వమండీ. కొత్త మనిషిని చూస్తే ఎలుకలు బెదిరిపోతాయి.”

పిన్ని ఫోను చెవి నుంచి తీసి ఒకసారి దానివైపు చూసి మళ్ళీ చెవికి పెట్టుకుంది.

“ఆ సంగతి నీకెవరు చెప్పారు నాయనా?”

“ఒకరు చెప్పేదేముందండీ. అందరికీ తెలిసిందేగా.”

ఇరవై ఏళ్ళ కిందటయితే పిన్ని ఫోను పెట్టేసేది. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతులో కోపం పైకి రాబోతే ఆపుకుంది. బిగుసుకున్న గొంతును ఏ ప్రాణి అయినా కనిపెట్టేస్తుంది. అతనికి పెళ్ళయిందా అని అడిగింది. హాస్టలు తిండి పడుతోందా అని అడిగింది. తన మణికట్టు విరిగిన సంగతి, అల్లిక సూది సంగతి, బాబాయి ఎర్ర కలం సంగతి, ఒకదాని వెనక ఒకటి తొందర లేకుండా చెప్పుకుంటూ పోయింది. మొదట్లో అతను మాటిమాటికీ మీటింగు ఉందండీ, మీటింగు ఉందండీ అన్నాడు. తర్వాత ఆ మాట తగ్గింది. తర్వాత ఊకొట్టడం మొదలుపెట్టాడు. పక్క గదిలో ప్రూఫులు దిద్దుకుంటున్న బాబాయి అది విని, మూడు వారాలు పట్టే పని కనుక, ఈ పూటకు టీ తానే పెట్టుకుందామని లేచాడు.